అర గ్లాసు వాన

వాన పడని ఏడు వాన కొలిచే మనిషికి పనేముంటుందని ఆ ఊళ్లో చాలామందికి అనుమానం. ఎందుకుండదు? పొద్దున ఎనిమిదిన్నరకు ఇనుప కంచె తలుపు తెరవాలి. నడుమెత్తు డబ్బా మూత తీసి, లోపలి సీసా పైకెత్తి, కంటికెదురుగా పట్టుకుని, అందులో ఏమీ లేదని రూఢి చేసుకోవాలి. రిజిస్టరులో సున్నా రాసి సంతకం పెట్టాలి. ఆ సున్నాను ఫోనులో పెద్దాఫీసుకు చెప్పాలి. ఇరవయ్యారేళ్లుగా ఈ పని చేస్తున్న ఆయనకు ఆ ఏడు సున్నా మాస్టారని పేరు పడిపోయింది. ఆయన నొచ్చుకోలేదు. సున్నా రాయడం వేరు, ఖాళీ వదిలేయడం వేరని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకొచ్చేవాడు.

రిజిస్టరులో చివర రిమార్కుల గడి ఒకటుంది. అది ఎవరూ చదవరు. ఆయన తల్లి పోయిన రోజు "అమ్మ పోయింది, రీడింగు పది నిమిషాలు ఆలస్యం" అని రాస్తే, అయ్యో అన్న నాథుడు లేడు. అయినా ఆయన ఏనాడూ ఆ గడి ఖాళీ వదల్లేదు.

ఇంతకీ ఆ సున్నాలకు విలువ లేకపోలేదు. పెద్దాఫీసులో ఒక మిషను ఉంది. అన్ని ఊళ్ల అంకెలూ మింగి, ఎక్కడ ఎండిందో ఎక్కడ పండిందో పటం మీద రంగులు వేస్తుంది. ఒక ఊరి మీద ఎరుపు పడితే కరువు రాబోతోందని హెచ్చరిక కాగితం పుడుతుంది. ఆ కాగితం చూపిస్తే బస్టాండు వెనక గిడ్డంగి తలుపులు తెరుచుకుంటాయి. లోపల పైకప్పు దాకా ధాన్యం బస్తాలు, బయట తాళంచెవి మెడలో వేలాడేసుకుని కావలివాడు. రెండు పంటలు పోయాయి, బావులు అడుగంటాయి. జనం రోజూ వెళ్లి కావలివాణ్ణి అడిగేవాళ్లు. అతను పాపం మంచివాడే. "మాస్టారి సున్నాలు పండాలి, కాగితం రావాలి" అనేవాడు.

వరసగా నలభై ఒకటో సున్నా చెప్పిన రోజు ఫోనులో పెద్దాఫీసు అమ్మాయి ఆగమంది.

"మాస్టారూ, మీ డబ్బా చచ్చిపోయింది."

"ఇప్పుడే చూసొచ్చానమ్మా, నిక్షేపంలా ఉంది."

"నలభై రోజులు ఒకటే అంకె వస్తే పరికరం చచ్చినట్టు లెక్కండి. మిషను మీ ఊరి అంకెలు తీసేసి, చుట్టుపక్కల ఊళ్ల సగటు వేసింది."

చుట్టుపక్కల అంటే ఒకటి సముద్రం ఒడ్డున, ఇంకొకటి కొండ మీద. రెండుచోట్లా కుండపోత. ఆ సగటు పుణ్యమా అని, నాలుక తడారిపోతున్న ఈ ఊరు పటం మీద పచ్చగా కళకళలాడింది.

మాస్టారు మొత్తుకోగా మొత్తుకోగా, వారానికి ఒక పరీక్షాధికారి పెట్టె పట్టుకుని దిగాడు. బట్టతల, మెత్తని గొంతు, చంకలో గొడుగు. డబ్బాను తట్టి చూశాడు, కొలిచి చూశాడు, బోర్లించి చూశాడు. చిల్లి లేదు, ఒంపు లేదు.

"బాగానే ఉంది. కానీ బతికుందని నేను సంతకం పెట్టాలంటే అందులో వాన పడాలి."

"వాన పడటం లేదనే కదా సార్ నా గోల."

"నిజమే మాస్టారూ. కానీ వాన పడితే గానీ వాన పడలేదన్న మాట నమ్మడానికి లేదు. తొమ్మిదో రూలు. ఒక్క రెండు మిల్లీమీటర్లు పడనివ్వండి, మీ సున్నాలన్నీ ఒక్క దెబ్బకు లేచి కూర్చుంటాయి."

ఇలాంటి మాట అన్నవాణ్ణి కొట్టాలో, కాళ్లకు దండం పెట్టాలో మాస్టారికి తెలియలేదు. అధికారి మాత్రం వాన పడేదాకా ఉండిపోయాడు. ఊళ్లో ఉన్న ఒక్క లాడ్జీ నీళ్లు లేక మూతపడింది కాబట్టి మాస్టారి ఇంట్లోనే మకాం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంట్లో డబ్బా అడుగున పిండి ఉంది, దానికి ఇప్పుడు మూడో మనిషి.

మాస్టారి ఇల్లాలు ముఖం చిట్లించలేదు. పిండి కొలిచి, జావ కాచి, ఇద్దరికీ చెరో పళ్లెం పెట్టేది.

"నువ్వు తిన్నావా అమ్మా?" అనేవాడు అధికారి.

"నేను ముందే తిన్నానన్నయ్యగారూ. మీరు కానివ్వండి."

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఇద్దరు మగవాళ్లూ సీసా ముందు నిలబడి, అందులోని శూన్యాన్ని శ్రద్ధగా పరిశీలించేవాళ్లు. అధికారి గొడుగు మర్చిపోకుండా తెచ్చుకునేవాడు. కంచె అవతల జనం మూగేవాళ్లు. సున్నా అనగానే ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు.

ఒక మధ్యాహ్నం అధికారి కునుకు తీస్తుంటే ఇల్లాలు భర్త దగ్గర మెల్లగా మాట కదిపింది.

"ఏవండీ. పొద్దున్నే ఓ అర గ్లాసు నీళ్లు ఆ డబ్బాలో పోస్తే ఏం పోయింది?"

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇరవయ్యారేళ్లలో ఒక్క చుక్క అబద్ధం రాయలేదు నేను. ఈ చేత్తో దొంగవాన రాయమంటావా?"

"మీ నిజం పక్కింటి పిల్లల కడుపు నింపుతుందా?"

"నిజం ఎప్పటికైనా గెలుస్తుంది."

"గెలిచేసరికి చప్పట్లు కొట్టడానికి ఎవరైనా మిగలాలి కదండీ," అని ఆమె గోడ పట్టుకుని లేచింది. ఆ గోడ ఎందుకు పట్టుకుందో ఆ మహానుభావుడు గమనించలేదు. సీసాలో పావు మిల్లీమీటరు తేడా పట్టే కళ్లు ఆయనవి.

పద్దెనిమిదో రోజు జావ మరీ పలచబడింది. అధికారి పళ్లెం ముందు కూర్చుని యథాప్రకారం అడిగాడు. ఆమె యథాప్రకారం "ముందే తిన్నాను" అని లోపలికి వెళ్లింది. అతను చెయ్యి కదపలేదు.

"మాస్టారూ, పద్దెనిమిది రోజులుగా అడుగుతున్నాను. ఒకటే జవాబు, ఒక్క అక్షరం తేడా లేదు. మా రూలు చెత్తదని మీరు రోజూ తిడుతున్నారు. కానీ ఇన్నేళ్ల నుంచి చూస్తున్నాను, మారని అంకెను ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిది."

మాస్టారు లేచి వంటింట్లోకి వెళ్లాడు. గూట్లో ఆమె పళ్లెం నిలబెట్టి ఉంది. వేలితో రాస్తే దుమ్ము అంటింది. ఎన్నాళ్ల దుమ్మో. ఆమె పొయ్యి పక్క పీట మీద కూర్చుని, పిండి డబ్బా అడుగును చెంచాతో గోకుతోంది. ఆ మణికట్టు అంత సన్నబడిందెప్పుడు? ఆకాశంలో దూదిపింజంత మబ్బును పసిగట్టే మనిషికి, మూరెడు దూరంలో ఉన్న మనిషి తరిగిపోవడం కనబడలేదు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏం తింటున్నావు నువ్వు?"

"గిన్నె కడిగిన నీళ్లు తాగుతున్నానులెండి. నాకు పెద్దగా ఆకలి వెయ్యదు."

"రోజూ తిన్నానన్నావు. నేను నమ్మాను."

"మీరు అడగలేదు కదండీ. ఆయన అడిగారు," అంది ఆమె. దెప్పుతూ కూడా అనలేదు.

మాస్టారు తన పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టి, అది ఖాళీ అయ్యేదాకా అక్కడే నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నర. ఆకాశం తోమిన సత్తుగిన్నెలా మెరిసిపోతోంది. మాస్టారు చేతిలో గ్లాసుతో కంచె తలుపు తీశాడు. వెనకే అధికారి, కంచె అవతల ఊరు ఊరంతా. మాస్టారు మూత తీసి, గ్లాసు డబ్బా మీదికి ఎత్తి ఆగాడు. అధికారి అది చూశాడు. చూసి, అటు తిరిగి సూర్యుడి వైపు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మబ్బు పట్టినట్టుంది," అన్నాడు మెత్తగా, గొడుగు విప్పుతూ.

ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను చాలామందిని చూశాం. చుర్రుమనే ఎండలో వానకు గొడుగు పట్టిన పెద్దమనిషిని ఆ ఊరు అప్పుడే చూసింది. కావలివాడికి ముందు అర్థమైంది. అతను తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. ఒక ముసలమ్మ గోనెపట్టా కప్పుకుంది. పిల్లలు నిజంగానే తడుస్తున్నట్టు అరుగుల కిందికి పరుగెత్తారు. పాత గొడుగులు, చాటలు, చిరిగిన పరదాలు పైకి లేచాయి. ఊరంతా రాని వానలో తడవకుండా నిలబడింది.

మాస్టారు అర గ్లాసు నీళ్లూ పోశాడు. అధికారి వంగి సీసా పైకెత్తి, కన్నార్పకుండా చూసి, "మూడు మిల్లీమీటర్లు. పరికరం బతికే ఉంది" అని సంతకం పెట్టాడు.

మాస్టారు గడిలో మూడు రాశాడు. పక్కన రిమార్కుల గడిలో, గుండ్రటి దస్తూరీతో, "ఆకాశం నిర్మలం. నీళ్లు మా ఇంట్లోవి, పోసింది నేను" అని రాశాడు. ఫోనులో అమ్మాయికి రెండూ చదివి వినిపించాడు. అంకె ఒక్కటే చాలండి, రిమార్కులకు మిషనులో చోటు లేదందామె.

సాయంత్రానికి అరవై చిల్లర సున్నాలు ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నాయి. పటం ఎర్రబడింది. మర్నాడు కాగితం వచ్చింది. కావలివాడు మెడలోంచి తాళంచెవి తీస్తుంటే దారం చిక్కుపడి, ఊరంతా ఊపిరి బిగబట్టింది. అధికారి తన వంతు ధాన్యం కూడా ఆ ఇంట్లోనే దించి, గొడుగు మర్చిపోయి బస్సెక్కాడు.

మాస్టారు ఇప్పుడు రోజుకు రెండు రీడింగులు తీస్తాడు. మొదటిది ఎనిమిదిన్నరకు కంచెలో. రెండోది మధ్యాహ్నం వంటింట్లో. "తిన్నానండీ, పళ్లెం తడిగా ఉంది చూసుకోండి" అంటుంది ఆమె. తడి చూసి నమ్మే మనిషి కాడు ఆయన. అర గ్లాసు నీళ్లతో ఎంత పని జరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. అందుకని పీట వేసుకుని ఆమె ఎదురుగా కూర్చుని, ముద్ద ముద్దా నోట్లోకి వెళ్లేదాకా చూస్తాడు.