ఊరికే అనే మాట

ఇవాళ గారం పుట్టినరోజు. మధ్యాహ్నానికల్లా ఆమె ఫోన్ బహుమతి కూపన్లతో నిండిపోయింది. కాఫీకి, కేకుకి, చేతులకి రాసుకునే క్రీముకి. పంపినవాళ్లెవరూ గుర్తుపెట్టుకుని పంపలేదు. ఇవాళ ఎవరు పుట్టారో మెసేజ్ యాప్ పొద్దున్నే చాటింపు వేస్తుంది, వీళ్లు వేలితో నొక్కుతారు. అంతటితో స్నేహం బాకీ తీరిపోతుంది.

సియోల్‌లో గారం ఉండేది మంచం, బల్ల వేస్తే నిలబడే చోటు మిగలని అద్దెగది. అక్కడి ఆనవాయితీ ప్రకారం పుట్టినరోజున తాగాల్సిన సముద్రపు నాచు సూపుని ప్లాస్టిక్ కప్పులో వేడినీళ్లు పోసుకుని ఒక్కతే తాగింది.

సేబిన్ కూపన్ అన్నిటికన్నా చివర వచ్చింది. సొంతూరు ఆండోంగ్‌లో బడిలో ఉన్నన్నాళ్లూ పక్కనే కూర్చున్న సేబిన్. రెండు ఐస్ కాఫీలు, ఒక కేకు ముక్క. కింద, "త్వరలో కలిసి భోంచేద్దామే!"

ఆ మాట ఈ ఊళ్లో అందరూ అంటారు. లిఫ్టు దిగుతూ అంటారు, ఫోన్ పెట్టేస్తూ అంటారు. దానికి అర్థం 'ఇక ఉంటాను' అని. ఎప్పుడని ఎవరూ అడగరు. గారం అడిగింది.

"ఇవాళ సాయంత్రం?"

మెసేజ్ పక్కనున్న ఒకటి అంకె మాయమైంది. అంటే సేబిన్ చదివింది. జవాబు మాత్రం లేదు. కాసేపటికి ఆమె పేజీలో ఇద్దరి బడినాటి ఫోటో వెలిసింది. 'నా ప్రాణస్నేహితురాలి పుట్టినరోజు!' కింద గుట్టలుగా హృదయాలు.

గారం ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ చెప్పడానికి తీరికుంది, తనకి ఒక్క మాట చెప్పడానికి లేదు! నేరుగా ఫోన్ చేసింది.

"ఏమైందే? ఎవరికేమైంది?" సేబిన్ హడలిపోయింది. మెసేజ్‌లే తప్ప ఫోన్ చేసుకోని, మోగితే చావుకబురేనని భయపడే కుర్రతరం వాళ్లది.

"నాకే అయింది. భోజనానికెప్పుడొస్తావ్?"

"అబ్బా, మెసేజ్ పెట్టొచ్చుగా! డ్యూటీలో ఉన్నా. త్వరలో తప్పకుండా కలిసి..."

గారం ఫోన్ కట్ చేసి, కాఫీ కొట్టుకి నడిచి సేబిన్ కూపన్ చూపించింది.

"ఇంకొకరు వస్తున్నారా అండీ?" కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"రారు. నేనే వెళ్తున్నా."

చేతిలో రెండు కప్పులూ, కేకు డబ్బా పట్టుకుని, మండుటెండలో, మెట్రో రద్దీలో పడి సేబిన్ పనిచేసే అలంకరణ సామాను కొట్టుకి చేరింది. కొట్టు ఖాళీగా ఉంది. సేబిన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ హృదయాలకి బదులు హృదయాలు పంపుతోంది.

"పిచ్చిదానా, ఇక్కడికొచ్చావేంటే?"

"భోంచేద్దామన్నావుగా."

"ఊరికే అనే మాటే అది! అందరూ అంటారు!"

"అందరూ అననీ. నువ్వెందుకన్నావ్? రానని చెప్పు, పడతాను. ఈ నెలంతా నోరు తెరిచి నన్ను పలకరించింది ఆ కాఫీ కొట్టు పిల్లొక్కతే. 'ఇంకొకరు వస్తున్నారా' అని! నీ పేజీలో నేను ప్రాణం, ఇక్కడేమో పీడనా?"

సేబిన్ ముఖం ఎర్రబడింది. "నాకేదో చుట్టూ పదిమంది ఉన్నట్టు మాట్లాడకు. పొద్దుట్నుంచీ 'మళ్లీ రండి' తప్ప ఇంకో మాట అన్లేదు నేను."

"మరి నన్నెందుకు పిలవలేదే?"

సేబిన్ అలవాటుకొద్దీ ఫోన్ ఎత్తి కప్పుల మీదికి తిప్పింది. గారం అరచేత్తో కెమెరా మూసేసింది.

"ముందు తాగు."

సేబిన్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఐసంతా కరిగిపోయి చప్పగా ఉందే."

"చప్పగానే తాగు." గారం స్టూలు లాక్కుని కౌంటర్ ముందు కూర్చుంది. "నీ డ్యూటీ అయ్యేదాకా ఇక్కణ్ణించి కదల్ను."