ఆ వెలుగు జోలికి వెళ్లకు

అన్నయ్య టీ తెచ్చిచ్చాడంటేనే అనుమానించాలి. పాత చిత్రాలు బాగుచేసే మా వర్క్‌షాపులో ఆరేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నాం, ఏనాడూ గ్లాసు అందించిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం మూడోసారి తెచ్చాడు.

"వార్నిష్ ఒక్కటి తియ్, చాలు. ఆ వెలుగు జోలికి మాత్రం వెళ్లకు."

ప్రార్థనా మందిరం నుంచి మళ్లీ మా దగ్గరికి వచ్చిన చిత్రమది. కోడి కూసేలోపు గురువును ఎరగనని బొంకిన శిష్యుడు మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంటాడు. వెనక గోడ మీద కోడి, అతని తప్పుకు సాక్షి. ఎడమవైపు నుంచి పడే వెలుగు, క్షమ దొరికిందనడానికి గుర్తు. ఎనిమిదేళ్ల కిందట మురికి తుడిచి ఆ వెలుగును బయటపెట్టింది అన్నయ్యే. దాంతోనే పేరొచ్చింది. వెలుగు అసలుదేనని ఇప్పుడు మందిరం వాళ్లకిచ్చే రిపోర్టులో సంతకం పెట్టాల్సింది నేను.

కానీ కోడి నీడ కూడా ఎడమవైపే పడింది. దేవుడి వెలుగైతే మాత్రం, అది వచ్చే వైపే నీడ పడుతుందా?

అన్నయ్య భోజనానికి వెళ్లగానే యూవీ దీపం వేశాను. తర్వాతెప్పుడో వేసిన రంగు దాని కింద నల్లగా కనిపిస్తుంది. వెలుగంతా బొగ్గులా ఉంది. దూది తడిపి ఓ మూల గోరంత తుడిచాను. కింద అసలు రంగే లేదు, గుడ్డ పోగులు తేలాయి.

అన్నయ్య తిరిగొచ్చి ఆ మూల చూశాడు. మొహం పాలిపోయింది.

"మురికనుకున్నానే. పూర్తిగా తుడిచాక తెలిసింది, అది చిత్రకారుడు కావాలని పూసిన చీకటని. ఏం చెయ్యను? అక్కడ వెలుగు వేసేశాను."

"నాన్నకి చెప్పావా?"

"తట్టుకోలేడు."

నాకు ఒళ్లు మండింది. మా ఇద్దరికీ కుంచె పట్టడం నేర్పిన మనిషాయన. చెయ్యి వణుకుతోందంటూ, అన్నయ్య ఈ చిత్రం బాగుచేసిన ఏడాదే పని మానేశాడు.

"పద ఇంటికి," అన్నాను.

నాన్న గది గుమ్మం దాకా వచ్చి అన్నయ్య ఆగిపోయాడు. నేనే లోపలికి వెళ్లి చెప్పాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తెలుసమ్మా. మురికి కాదు, చిత్రంలోని గోధుమరంగే అంటిన దూదులు ఆ రోజే చెత్తబుట్టలో చూశాను. ఆ చిత్రం ముందు వాడితో కలిసి నిలబడలేకే పని మానేశాను. వాడే వచ్చి చెబుతాడని ఎనిమిదేళ్లుగా చూస్తున్నా."

గుమ్మం వైపు చూశాడు.

"ఇవాళ కూడా వాడు కాదు, నువ్వే వచ్చావు."