ఆరిళ్ళకు ఒక్క మీటరు

పెదన కాలవలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పదమూడేళ్ళ వెన్నెల కలంకారీ గుడ్డలు జాడిస్తోంది. వంతెన మీద తోటి పిల్లలు బడికి వెళ్తున్నారు. వాళ్ళలో కుసుమ కొడుకు కొత్త సంచీ తగిలించుకుని ఈల వేసుకుంటూ పోతున్నాడు. ఆ సంచీని చూసి వెన్నెల తల్లి సుగుణకు ఒళ్ళు మండిపోయింది.

సుగుణ, కుసుమ ఇద్దరూ శోభనాద్రి అద్దకం షెడ్డులో కూలీలే. పిల్లల చదువుకని సర్కారు తల్లుల ఖాతాల్లో వేసే డబ్బు మాత్రం కుసుమకే పడింది. ఆమెకు కాలవవతల సొంత గుడిసె ఉంది, సొంత మీటరు ఉంది. సుగుణావాళ్ళు షెడ్డు వెనక శోభనాద్రి ఇళ్ళ వరసలో ఉంటారు. ఆ ఆరిళ్ళకూ శోభనాద్రి పెట్టించింది ఒక్క మీటరే. "మీ కరెంటు మూడొందల యూనిట్లు దాటింది, మీరు పేదలు కారు" అన్నారు వార్డు సచివాలయంలో. రెండేసి బల్బుల కింద బతికేవాళ్ళు కాగితం మీద కలిగినవాళ్ళయిపోయారు.

సుగుణకు శోభనాద్రి కారు ఏనాడూ కంట్లో నలుసు కాలేదు. కుసుమ కొడుకు సంచీ అయింది. కుళ్ళి కుళ్ళి, ఒకనాడు సచివాలయానికి వెళ్ళి, "కుసుమ ఉండేదీ మా వరసలోనేనండీ, ఆ మీటరు కిందే. కాలవవతల గుడిసె ఉత్తుత్తిదే" అని అబద్ధం చెప్పి వచ్చింది. మళ్ళీ బడులు తెరిచేసరికి కుసుమకూ డబ్బు ఆగింది. సుగుణకు కడుపు చల్లబడింది. ఆ కుర్రాడు కూడా కాలవలో దిగి వెన్నెల పక్కన గుడ్డలు జాడించేదాకా.

సంగతి తెలిసిన కుసుమ షెడ్డు ముందు అందరి ఎదుటా సుగుణ జుట్టు పట్టుకుంది.

"నా బిడ్డ నోటికాడ కూడు తీశావు గదే! నీకేం ఒరిగింది?"

"నా పిల్ల నీళ్ళల్లో నానుతుంటే నీ కొడుకు దర్జాగా బడికెళ్తాడా? చూడలేకపోయానే! అవును, నేనే చెప్పాను!"

"నా మీద ఏడుస్తావేంటే? మా ఇంట్లో రెండు బల్బులు, మీ ఇళ్ళల్లోనూ అవే. ఆ మూడొందలు ఎవరు కాలుస్తున్నారో ఎప్పుడన్నా అడిగావా?"

అందరూ మీటరు వైపు చూశారు. వరసలో పెద్దావిడ నాంచారమ్మ ఆరిళ్ళలోనూ స్విచ్చులన్నీ ఆపించింది. అయినా మీటరు మీద ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. షెడ్డులో మోటారు తిరుగుతూనే ఉంది. సుగుణ ఆ మీటరు ఫ్యూజు పీకింది. మోటారు ఆగింది.

"దొంగ సచ్చినోడు! వాడి కరెంటు మన పిల్లల నెత్తిన రుద్దాడే!" అంది నాంచారమ్మ. "ఇంటికో మీటరు పెట్టిందాకా ఎవరూ గుడ్డ ముట్టొద్దు!"

శోభనాద్రి వచ్చాడు. అరిచాడు, బెదిరించాడు. ఎవరూ కదలకపోయేసరికి గొంతు తగ్గించి సుగుణను పక్కకు పిలిచాడు.

"నీ కూతురి చదువు నేను చూసుకుంటానమ్మాయ్. ఆ ఫ్యూజు ఇటిచ్చెయ్. వాళ్ళ గొడవ నీకెందుకు?"

సుగుణ చేతిలోని ఫ్యూజు వైపు చూసుకుంది. వెన్నెల బడికి వెళ్తుంది! అంతకంటే ఏం కావాలి? వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. ఏడాదిపాటు కుసుమ కొడుకు వీపు మీద తను పెట్టిన చూపే అది. ఆ అసూయ ఉన్నన్నాళ్ళూ వీడి మోటారుకు ఢోకా లేదని ఆమెకు అప్పుడు అర్థమయింది.

"పిల్లలంతా వెళ్తేనే నా పిల్ల వెళ్తుంది బాబూ" అని ఫ్యూజు కొంగున ముడేసుకుంది.

శోభనాద్రి పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. ఫ్యూజు పీకింది ఎవరని అడిగితే సుగుణ తనే వెళ్ళి జీపెక్కింది. వెనకే కుసుమ ఎక్కింది.

"నువ్వెందుకే?"

"నీ మీద కోపం పోలేదక్కా. అది మనిద్దరం తర్వాత తేల్చుకుందాం. ముందు జరుగు."

ఆమె వెనక నాంచారమ్మ, ఆవిడ వెనక మిగతావాళ్ళు. జీపు చాలలేదు. "దిగండి, దిగండి" అని కానిస్టేబులు గోలపెట్టాడు. దిగినవాళ్ళు ఇళ్ళకు పోలేదు. కాలవలోంచి పిల్లల్ని పైకి పిలిచి, చేతులు పట్టుకుని, జీపు వెనకే స్టేషనుకు నడిచారు.