వరసకి కొత్త పేరు

"పేరు సంగతి మేం చూసుకుంటాంలే, నువ్వు ముందు ఆ పెసరట్టు తిప్పు" అన్నాడు మా ఆయన ఫణి. మేం అంటే తనూ, తన ఫ్రెండు శశికాంతూ. శనివారం పొద్దున్నే మా డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారిద్దరూ. నేను స్టవ్ దగ్గర. వాళ్లు పేరు పెడుతున్నది నేను రాసిన ప్రోగ్రామ్‌కి. దానికి పేరు లేక కాదు. రెండేళ్ల కిందటే నేను పెట్టాను, వరస అని. పదకొండు వందల మంది ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని ఆ పేరుతోనే వాడుకుంటున్నారు.

అమెరికాలో మా చిన్న ఊరు బెంటన్‌విల్‌లో మేం దొండకాయ వేపుడు తినాలంటే డల్లాస్ నుంచి వ్యాన్ రావాలి. గురువారం వచ్చే ఆ వ్యాన్‌కి ముప్ఫై ఎనిమిది ఇళ్ల ఆర్డర్లు వాట్సాప్‌లో పోగుచేసి పంపే పని నాది. నాదే ఎందుకంటే, "నువ్వు ఇంట్లో ఖాళీయే కదా" అని ఫణి అందరిముందూ అన్నాడు గనక. ఒకావిడ దొండకాయ అని రాస్తుంది, ఇంకొకావిడ టిండోరా అంటుంది, మరొకావిడ ఐవీ గోర్డ్ అంటుంది. అన్నీ ఒకటేనని గుర్తుపట్టి కలపడానికి కూర్చుని ప్రోగ్రామ్ రాశాను. హైదరాబాద్‌లో ఏడేళ్లు జీతం తీసుకుని చేసిన పనే అది. ఇక్కడ నాది ఫణి వీసాకి తోక వీసా, ఉద్యోగం చేయకూడదు. పైసా తీసుకోకుండా రాసి నలుగురికీ పంచిపెడితే ఎవరూ ఏమీ అనరని చదివి, కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్‌గా అందరికీ తెరిచిపెట్టాను.

పేరు కోసం మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పొట్టిగా ఉండాలి, కీబోర్డు మీద వేళ్లకి అడ్డం పడకూడదు, ఏ భాషవాళ్లైనా పలకగలగాలి, వెతికితే అదొక్కటే దొరకాలి. గిన్నెలు తోముతూ ఒకటి అనుకోవడం, చేతులు తుడుచుకుని వచ్చి చూస్తే ఎవరో అప్పటికే పెట్టేసుకుని ఉండటం. ఒకరోజు మా అదితి స్కూల్ దగ్గర కార్ల వరసలో ఆగి ఉంటే, కొత్తగా వచ్చిన తెలుగావిడ అద్దం దింపి మీదే ఊరు, ఇంటిపేరేంటి అని మొదలుపెట్టి ఐదు నిమిషాల్లో నన్ను తనకి వదిన చేసేసింది. ఓరి, నా ప్రోగ్రామ్ చేసేదీ ఇదే కదా, ఏది దేనికి ఏమవుతుందో వరస కలపడం. కార్లో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఈ దేశం వచ్చాక అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి చెప్పమంటే చెప్పలేను.

రాసింది నేనని నా పేరు పెట్టబోతే అప్పుడు ఫణే వద్దన్నాడు. లేనిపోని వీసా గొడవ, నీ పేరు ఎక్కడా కనపడనివ్వకు అని తన ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచిచ్చాడు. నాకూ భయమే. తలూపాను. ఇప్పుడు ఆ తలని ఏ గోడకేసి కొట్టుకోవాలో తెలియడం లేదు.

ఎందుకంటే శశికాంత్‌కి మొన్న గ్రీన్‌కార్డ్ పిటిషన్ తొందర దారిలో అప్రూవ్ అయింది. మనిషికి అసాధారణ ప్రతిభ ఉందని కాగితాలతో రుజువు చేస్తే ఆ దారి తెరుచుకుంటుందట. ఫణి తన ప్రతిభ కోసం ఇల్లంతా వెతికాడు, వరస దొరికింది. రెండేళ్లలో "ఇంకా ఆ దొండకాయల పనేనా" అని తప్ప దాని గురించి ఒక్క ముక్క అడగని మనిషి.

ఆఫీసర్ ఒక్క చూపులో పట్టుకోవాలంటే పేరులోనే ఫణి పేరు ఉండాలన్నాడు శశికాంత్. చివరికి తేల్చారు, ఫణిమ్యాచ్. పెళ్లిసంబంధాల సైట్‌లా ఉంది అన్నాను. జోక్ వేశాననుకుని ఇద్దరూ నవ్వారు. పేరు మారిస్తే వాడుతున్న వాళ్లందరి పనీ ఆగిపోతుందని, పాత పేరుతో పిలిచినా పలికేలా అంతా తిరగరాయాలని, రెండు వారాలు పడుతుందని చెప్పాను. "టూ వీక్సేగా, చేసేస్తావులే" అన్నాడు ఫణి, పెసరట్టులోకి ఇంకాస్త అల్లం పచ్చడి వేయించుకుంటూ.

అదితి పుట్టినప్పుడూ నేనొక పేరు అనుకున్నాను. మా అత్తగారు రాధారాణి బారసాల పీటల మీదే నవ్వుతూ, "కన్నావు, చాలదూ? పేరు పెట్టడం మేనత్త పని" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

శశికాంత్ వెళ్లాక ప్లేట్లు తీస్తూ అనేశాను.

"అది నాది, ఫణీ."

"కాదని ఎవరన్నారు? నీ పేరుమీద ఉంటే ఎవరికి యూజ్, చెప్పు? ఇది అప్రూవ్ అయితేనే నీకు వర్క్ పర్మిట్ వస్తుంది. నీకోసమే కదా ఇదంతా."

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. పైగా నిజమే అన్నాడు. నన్ను పని చేయనివ్వాలంటే, నేను చేసిన ఒక్క పనీ నాది కాదని ముందు కాగితాల మీద రుజువు కావాలి. ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండిపడాలో తెలియక పెనం గీకుతూ నిలబడ్డాను.

రెండు వారాలు కూర్చుని మార్చాను. వరస అని ఉన్న ప్రతిచోటా నా చేత్తోనే ఫణిమ్యాచ్ అని కొట్టాను. పోలండ్‌లో విత్తనాల పేర్లు కలపడానికి దీన్ని వాడే అగ్నీష్కా అనే ఆవిడ వెంటనే ఉత్తరం రాసింది. ఇన్నాళ్లూ మాట్లాడుతున్నది ఆడమనిషితో అనుకున్నాను, పొరపాటుకి సారీ ఫణి గారూ, అయినా పాత పేరే బాగుండేది అని. పర్వాలేదు, థాంక్యూ అని జవాబిచ్చి కింద ఫణి అని సంతకం పెట్టాను. ఆ తర్వాత బాత్రూమ్‌లో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఆఖరి పని మిగిలింది. ఈ ఆలోచన ఎలా వచ్చింది, పేరు ఎందుకు పెట్టారు, ఫణి మాటల్లో ఒక పేజీ కావాలంది పిటిషన్ వేసే లాయర్. ఫణికి తెలిస్తే కదా. మడతపెడుతున్న బట్టలు పక్కకి నెట్టి నేనే రాశాను. నేను అని మొదలైన ప్రతి వాక్యంలోనూ నేను అంటే ఫణి. చివర్లో ఫ్యామిలీకి థాంక్స్ ఒక లైను ఉంటే బాగుంటుందన్నాడు. ఈ పనిలో తోడున్న నా భార్య త్రివేణికి, అని కొట్టాను. వెనక నిలబడి చదువుతున్నవాడు వంగి స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"పేరు వద్దు. ఎవరైనా వెతికారంటే అనవసరంగా క్వశ్చన్స్. మై వైఫ్ చాలు."

చెరిపేశాను.

"ఓపిగ్గా కాఫీలు ఇచ్చిన మై వైఫ్ అని పెట్టు. నేచురల్‌గా ఉంటుంది."

పెట్టాను. పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపాను. ఆ పేజీ మొత్తంలో ఒక్క మాటైనా నిజమై ఉండాలి కదా.