సింహాయంలో పుట్టిన రంపం

నేను ఒక రంపం మిషన్‌ని. నా మీద ఏ కంపెనీ పేరూ లేదు, ఏ నంబరూ లేదు. హుస్నాబాద్ దగ్గర ఒక ఊళ్ళో, రేకుల షెడ్డులో, వడ్ల కాశీనాథం అనే దర్వాజలు చేసే వడ్రంగి చేతుల్లో పుట్టాను. ఇప్పుడు పాత ఇనుము కొట్టు వెనక గుట్టలో పడి ఉన్నాను. ఉన్నానంటే నిండుగా ఉన్నాననుకునేరు! మోటారు ఒక మూల, ఇరుసు ఇంకో మూల, కాళ్ళు ఎక్కడో నాకే తెలియదు. పక్కనే ఒక కుట్టుమిషను చట్రం పడి ఉంది. అది ఎందరు పెళ్ళికూతుళ్ళకు రవికలు కుట్టిందో రోజూ లెక్క చెబుతుంది. నాకు అలా చెప్పుకోవడానికి ఏమీ లేదు. జరిగిందేదో చెబుతాను, వినే ఓపిక ఉంటే వినండి.

నన్ను కట్టడానికి కాశీనాథానికి ఏడు నెలలు పట్టింది. ఇరుసు మూతబడిన పిండి గిర్నీ నుంచి వచ్చింది. మోటారు అంతకుముందు గేదెలకు గడ్డి కోసేది. కాళ్ళు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకేసిన బస్టాపువి. పైబల్లకు మాత్రం మంచి టేకు చెక్క వేశాడు. కొత్తగా కొన్నది పళ్ళచక్రం ఒక్కటే. ఊళ్ళోవాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "కొంటే ఒక్కరోజుల ఒడిసేదానికి గింత తిప్పలెందుకు కాశన్నా?" అని అడిగేవారు.

"కొన్నది కంపెనీ మాట ఇంటది. కట్టుకున్నది మన మాట ఇంటది," అనేవాడు.

ఆహా, ఎంత బాగా చెప్పాడు! వాళ్ళూ తలలూపి, చాయ్ తాగి పోయేవారు. అసలు కారణం మాత్రం ఆయన భార్య సుగుణకే తెలుసు. ఆ తర్వాత నాకు తెలిసింది.

నన్ను కట్టకముందే కాశీనాథం చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట్లో కుడిచేయి బొటనవేలు, తర్వాత మణికట్టు. ఉలి పెట్టిన చోట నిలవడం లేదు, రంపం గీసిన గీత మీద నడవడం లేదు. సుగుణ ఆయనకు చాయ్ గ్లాసులో సగమే పోసి ఇచ్చేది, నలుగురి ముందు ఒలకకుండా. ఎందుకు సగమే పోస్తున్నావని ఆయన అడగలేదు, ఎందుకో ఆమె చెప్పలేదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో అంతమాత్రం తెలివి ఇద్దరికీ ఉంది.

ఆ ప్రాంతంలో దర్వాజ ఎత్తడమంటే, గుమ్మం నిలబెట్టడమంటే, చిన్న పెళ్ళే. ముహూర్తం చూస్తారు, కడప కింద, అదే గడప కింద, నవధాన్యాలు పోస్తారు, వడ్లాయన చేత కడపకు పసుపు పూయించి, కొత్త బట్టలు పెట్టి దండం పెడతారు. అలాంటి పనికి చేతులు వణికేవాడిని ఎవరు పిలుస్తారు? పిలవకపోతే కాశీనాథం ఇంకేం చేస్తాడు? ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పేరు లేదు. ఊరంతటికీ ఆయన 'దర్వాజల కాశన్న'. ఆ పేరు నిలబెట్టడానికి నన్ను కట్టాడు. చెయ్యి చేయలేనిది మిషన్ చేస్తుందని, గైడు పట్టీకి చెక్కను ఆనించి నెడితే కోత దానంతటదే నేరుగా వస్తుందని ఆయన ఆశ. నెట్టేది కూడా చెయ్యేనని ఆ మనిషికి తట్టలేదు. తట్టినా పక్కకు నెట్టేసి ఉంటాడు.

ఇక నా జన్మలోని లోపం సంగతి. దీన్ని మీరు నమ్మరు గాని చెబుతాను.

నా చట్రం కొలతలు మొదట నలభై అంగుళాల పొడవు, ఇరవై ఏడు వెడల్పు. ఇరుసుకూ మోటారుకూ మధ్య బెల్టు సరిగ్గా ఆ లెక్కకే తెచ్చాడు. అంతా కుదిరింది. అప్పుడు కాశీనాథం చెవి మీది పెన్సిలు తీసి గోడ మీద ఏదో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించి చూసి ముఖం మాడ్చుకున్నాడు. శేషం సున్నా. కాకాయం! దర్వాజకైనా ఇంటికైనా పొడవును వెడల్పుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషాన్ని ఆయం అని, దాన్ని బట్టి మంచిచెడ్డలు చెప్పేవారు వాళ్ళ పెద్దలు. కాకాయం వస్తే ఆ ఇల్లు కాకుల పాలే. సరే, దర్వాజకు చూసుకోవయ్యా, ఎవరు వద్దన్నారు? కరెంటుతో తిరిగే రంపానికి ఆయం చూసిన మహానుభావుడు ఈ భూమ్మీద ఆయనొక్కడే అయి ఉంటాడు.

పొడవు ఒక అంగుళం పెంచాడు. నలభై ఒకటి ఇంటూ ఇరవై ఏడు, శేషం మూడు. సింహాయం. ముఖం వెలిగిపోయింది. కాని మోటారు అంగుళం వెనక్కి జరిగేసరికి బెల్టు అందలేదు. తర్వాతి సైజు తెస్తే అది వదులైంది. అప్పుడు మోటారు కింద ఒక చెక్క చీలిక దోపి, ఎత్తిపెట్టి, బెల్టును బిగదీశాడు. ఆ చీలిక మీద కూర్చున్న మోటారు స్విచ్చి వేయగానే గజగజలాడేది. దానితోపాటు నేనూ, నా బల్లా, బల్ల మీది చెక్కా. సింహాయంలో పుట్టి, చలిజ్వరం వచ్చిన మేకలా వణికాను.

ఆయన మొదటి చెక్క నెట్టాడు. కోత వంకరగా వచ్చింది. చూడటానికి వచ్చిన నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాశీనాథం ఒక్క క్షణం తన చేతుల వంక చూసి, వెంటనే నా వంక చూశాడు.

"మిషన్ వణుకుతున్నది. కొత్తది గదా, సదురుకుంటది," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఆ మద్దెలను నేనే. అప్పటి నుంచి మూడేళ్ళు ఆయన కోసిన ప్రతి వంకర గీతకూ నేనే పూచీ. దర్వాజ పక్కపలక సందు పెట్టినా, తలుపు మూసుకోకపోయినా, "ఏం జేయాలె, మిషన్ వణుకుతది" అనేవాడు. నాకు మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఆ మాట అనేటప్పుడు ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకోవడం చూశాను. ఆ తర్వాత కోపం రాలేదు. అయినా నేను నిజంగానే వణుకుతున్నాను గదా, పడ్డ నింద పూర్తిగా అబద్ధమూ కాదు.

మనుషులు విచిత్రమైనవాళ్ళు. తమ దేహంలో చెడినదాన్ని ఇనుములో పెట్టి చూసుకుంటే నిద్ర పడుతుంది వాళ్ళకు.

ఈ సుఖం చెడగొట్టింది స్రవంతి. కాశీనాథం ఒక్కగానొక్క కూతురు, ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని కరీంనగర్‌లో మోటార్లు బాగుచేసే షాపులో చేస్తోంది. ఎప్పుడో పండక్కి వచ్చి పోయే పిల్ల, ఆసారి పది రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఊళ్ళో రాజవీరు కట్టుకుంటున్న కొత్త ఇంటి దర్వాజకు చెక్కలు కోస్తున్న తండ్రిని చూసింది. నా రొద వినగానే ముఖం చిట్లించింది.

"బాపూ, మోటరు చెక్క ముక్క మీద కూసున్నది. వణకకుంటే ఏం జేస్తది? ఒక్క పూట ఇయ్యి, సక్కగ జేస్త."

"ముట్టకు బిడ్డా. అది గట్లనే మంచిగున్నది."

"ఏం మంచిగ? గిలాస వెడితె నడుసుకుంట పోతున్నది!"

"సింహాయం తప్పుతది," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

ఆయం తప్పకుండానే బాగుచేయొచ్చని ఆ పిల్లకు తెలుసు. మరునాడు ఎవరో చనిపోతే తండ్రి పక్క ఊరు పోయినప్పుడు పని మొదలుపెట్టింది. చీలిక పీకి పారేసింది. పొడుగాటి రంధ్రాలున్న ఇనుప పలక ఒకటి మోటారు కింద వేసి, మోటారును వెనక్కి జరిపి బెల్టు బిగువు సరిచేసి, నాలుగు బోల్టులు బిగించింది. అంతే. స్విచ్చి వేసింది. నేను పుట్టాక మొదటిసారి నిలకడగా తిరిగాను. అబ్బ, ఏం సుఖమో చెప్పలేను! స్రవంతి అంచులదాకా నీళ్ళు నింపిన గ్లాసు నా బల్ల మీద పెట్టింది. చుక్క ఒలకలేదు. సంతోషంతో తల్లిని కేకేసింది. సుగుణ వచ్చి ఆ గ్లాసును చూసింది, కూతుర్ని చూసింది.

"ఎంత పని జేస్తివే," అని గడపలోనే కూలబడింది.

స్రవంతికి అర్థం కాలేదు. నాకు అయింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

కాశీనాథం తిరిగొచ్చి స్నానం చేసి షెడ్డులోకి వచ్చాడు. స్రవంతి ఏమీ చెప్పకుండా స్విచ్చి వేసింది, ఆశ్చర్యపరచాలని. ఆయన ఆ నిలకడ రొద విన్నాడు. కూతురు ఎదురుగా నిలబడి నవ్వుతోంది, తప్పించుకునే దారి లేదు. రాజవీరు దర్వాజ పలక ఎత్తి, గైడుకు ఆనించి నెట్టాడు. నేను నా శక్తికొద్దీ నేరుగా నిలిచాను. చక్రం వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు. ఆయన చేతులు మాత్రం చెక్కను పట్టీ మీద నుంచి జరుపుతూనే ఉన్నాయి. కోత పాము పోయినట్టు పోయింది.

నేను ఆగాను. స్రవంతి నవ్వు అలాగే ఉండి, నెమ్మదిగా పోయింది. తండ్రి చేతులను అప్పుడు చూసింది, బహుశా మొదటిసారి. ఆయన చంకల్లో దాచుకోబోయాడు గాని, దాచే చోట కూడా అవి వణుకుతున్నాయి.

"అన్నం దిని వస్త," అని వెళ్ళిపోయాడు.

ఆయన పోగానే స్రవంతి ఏం చేసిందో తెలుసా? పానా తీసుకుని నా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తాను బిగించిన నాలుగు బోల్టులూ వదులు చేసింది. మోటారును ముందుకు తోసి, చెత్తలో వెతికి ఆ చీలికనే తెచ్చి దోపింది. ఏడుస్తూ చేసింది. పని మీద మనసు పెట్టి బాగుచేసినవాళ్ళను చూశాను గాని, మనసు పెట్టి పాడుచేసినదాన్ని ఆమెనే చూశాను. తల ఎత్తేసరికి కాశీనాథం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"బాపూ... బెల్టు మంచిగ లేదు. మల్ల వణుకుతున్నది," అంది.

ఆయన మోటారు కింది చీలికను చూశాడు. "లే బిడ్డా. మోకాళ్ళు నొస్తయ్," అన్నాడు.

తెల్లవారి రాజవీరు చెక్కలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని వచ్చాడు. బీడీ వెలిగించుకుంటూ, "ఏం కాశన్నా, నీ మిషన్ ఎట్లున్నది?" అని ఎప్పటిలాగే అడిగాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది రాజవీరూ. నా చేతులే మంచిగ లేవు. మూడేండ్ల సంది దాస్తున్న. నీ దర్వాజకు ఇంకొకల్లను సూసుకో."

ఈ మాట అనడానికి ఆ మనిషికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆయన పట్టుకుని నిలబడింది నా బల్లనే. రాజవీరు అదిరిపడతాడనుకున్నాను. ఆయన బీడీ కింద పారేసి కాలితో నలిపాడు.

"గది మాకు తెల్వదా అన్నా? ఊరందరికి ఎరుకే."

"ఏం ఎరుక?"

"నువ్ దర్వాజ ఎత్తి పోయినంక ఇంటోల్లు కోహెడ నుంచి ఇంకో వడ్లాయనను పిలిపిచ్చుకుంటుంటిరి. రందా పట్టిచ్చి సాపు జేపిచ్చుకుంటుంటిరి. నీకు తెలిస్తే బాధ పడ్తవని ఎవ్వలు నోరిప్పలే. నీ చెయ్యి మంచిదన్నా. కడపకు పసుపు నువ్వే పెట్టాలె, గంతే మాకు గావాలె. కోసుడు ఎవడన్న కోస్తడు. నువ్ రా, పసుపు వెట్టి, బట్టలు గట్టుకొని పో."

పాపం, రాజవీరు ప్రేమతోనే అన్నాడు. అంతకంటే దయగా ఎలా చెప్పాలో ఆయనకు తెలియదు. కాశీనాథం మూడేళ్ళలో ఎత్తిన దర్వాజలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. పదకొండు. పదకొండింటికీ ఆయన బయటికి పోగానే ఇంకొకడు చిత్రిక పట్టడానికి లోపలికి వచ్చాడు. పదకొండు జతల కొత్త బట్టలు మాత్రం ఈయన కట్టుకున్నాడు.

"నేను వడ్లోన్ని రాజవీరూ. పంతుల్ని గాదు," అన్నాడు చివరికి.

రాజవీరు స్రవంతి ముఖం చూసి, తలగుడ్డ సర్దుకుంటూ పోయాడు.

ఆ రోజే నన్ను విప్పడం మొదలుపెట్టాడు. "ఉండనీ బాపూ, నేను నడుపుత. దర్వాజలు నేను కోస్త," అంది స్రవంతి.

"నువ్ కోస్తవ్. నాకు ఎరుకే. కని దీని మీద వద్దు. ఇది నేను అబద్ధమాడుటానికి కట్టుకున్నది. నీది నువ్ కట్టుకో."

"విప్పుడన్న నన్ను విప్పనీ."

"ముట్టకు."

పానా బోల్టు తలకు పట్టించడానికే ఒక్కోసారి పది సార్లు ప్రయత్నించేవాడు. జారేది, మళ్ళీ పట్టించేవాడు. ఇద్దరు మనుషులు గంటలో చేసే పని నాలుగు రోజులు చేశాడు. సుగుణ అన్నం అక్కడికే తెచ్చి పెట్టేది. నాలుగో రోజు సాయంత్రానికి నా నుంచి చివరి నట్టు ఊడి వేళ్ళ మధ్య నుంచి జారి పొట్టులో పడింది. ఆయన వంగి తీసుకోబోయాడు, జారింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. స్రవంతి తలుపు దగ్గర రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. ఎన్నోసారికో దొరికింది.

దాన్ని డబ్బాలో వేసి, నేల మీదే కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి దాచలేదు. వాటిని చూస్తూ, కొట్టి కొట్టి అలిసిపోయిన తండ్రి పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఇగ వణుకుండ్రి," అన్నాడు. "ఎంత వణుకుతరో వణుకుండ్రి. మీకు అడ్డం ఎవ్వలు లేరు."