తెర వెనక గొంతు

క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలపు ప్రార్థనల్లో ఆ చర్చికి ఒక పద్ధతి ఉంది. చివరి సాయంత్రం దీపాలన్నీ ఆర్పేస్తారు. పీఠం పక్కనున్న తెర వెనక నుంచి ఒకే ఒక్క గొంతు "తలుపు తీశాం, రావయ్యా" అని పిలుస్తుంది. జనమంతా "దీపం పెట్టాం, రావయ్యా" అని బదులు పాడతారు. పిలిచేవాళ్ల ముఖం ఎవరికీ కనబడదు.

అందుకే ఈసారి ఆ పిలుపు పాడటానికి అక్కచెల్లెళ్లిద్దరిలో చిన్నది ఒప్పుకుంది. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే పిల్ల. పాటలు నేర్పే టైలరు మాస్టారు "ముఖం దాచుకో తల్లీ, గొంతు మాత్రం ఇయ్యి" అనగానే తలూపేసింది. ఇంట్లో బట్టలు మడతపెడుతూ రోజూ సాధన చేసింది. తను పిలిస్తే అక్క బదులు పాడేది.

"పైకి వెళ్లేచోట గొంతు వణుకుతోందక్కా," అని అక్కకొక్కదానికే చెప్పుకుంది.

"నీ మొహం! పక్కనే ఉంటాగా. వణికావో, గిల్లేస్తా," అని నవ్వింది అక్క.

ఆ సాయంత్రం ఇద్దరూ తెర వెనక నిలబడ్డారు. దీపాలు ఆరాయి. హార్మోనియం శ్రుతి అందించింది. చిన్నది గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. అంతలోనే పాట మొదలైపోయింది. గొంతు అక్కది.

చిన్నది అక్క చెయ్యి పట్టుకు లాగింది. అక్క విడిపించుకుని రెండో పిలుపు అందుకుంది. తెర అవతల చర్చి అంతా బదులు పలికింది.

ప్రార్థన అయ్యాక మాస్టారు వచ్చాడు. "గొంతు ఎలా ఉందమ్మా? పట్టేసిందటగా! నువ్వే తనని పాడమన్నావని పొద్దున మీ అక్క చెప్పింది. పోనీలే, వచ్చే ఏడు నువ్వే."

చిన్నది అక్క వైపు చూసింది. అక్క తెర కుచ్చిళ్లు సర్దుతోంది.

మాస్టారు వెళ్లాక అక్కే అంది, "అలా చూడకే. వణికి నవ్వులపాలవుతావని, నీ మంచికే చేశా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

ఇక పీఠం మీది ఊదారంగు గుడ్డ తీసి మడతపెట్టాలి. ఏటా అది వాళ్లిద్దరి పనే. చెరో అంచూ పట్టుకున్నారు. ఇంట్లో లాగే అక్క మెల్లగా "తలుపు తీశాం, రావయ్యా" అని పాడి, బదులు కోసం ఆగింది.

చిన్నది నడిచి వెళ్లి, తన అంచు అక్క చేతిలో పెట్టి, పక్క గుమ్మం వైపు తిరిగింది.

"ఒసే, ఆగవే!"

చిన్నది తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.