ఊడ్చని జుట్టు

పొద్దున్నే దుకాణం షట్టరెత్తుతూనే మిల్కేయా ఫోను చెవికి ఆనించుకునేది. అటువైపు, సముద్రం అవతల సొంతూరు శాంతియాగోలో, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కూతురు యుదెల్కా. "తిన్నావా? ఎవరితో వెళ్తున్నావు? మళ్ళీ ఆ మోటారుసైకిలు కుర్రాడేనా?" అడగ్గా అడగ్గా పిల్ల ఫోను పెట్టేసేది. మిల్కేయా నిట్టూర్చి చీపురందుకునేది.

బ్రాంక్స్‌లోని ఆ సెలూన్లో చీపురుకి తీరిక ఉండదు. కత్తిరించిన జుట్టు నేలమీద పడగానే, మనిషి దాచుకున్న మాటల్ని ఆ మనిషి గొంతుతోనే చెప్పడం మొదలుపెడుతుంది. వినపడకముందే ఊడ్చెయ్యడం మర్యాద.

నిరుడు సెలూన్‌కొచ్చే స్నేహితురాలొకామె ఎయిడ్స్‌తో పోయింది. తెలిసేసరికే ఆలస్యమైంది. అప్పట్నుంచి మిల్కేయా క్లినిక్‌లో శిక్షణ తీసుకుని, జుట్టుకి రోలర్లు చుడుతూ ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష గురించి చెప్పేది.

"నీ బుట్టలో రోలర్లకన్నా కండోమ్‌లే ఎక్కువున్నాయే!" అని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. పోయేటప్పుడు మాత్రం గుప్పెడు పట్టుకుపోయేవారు.

యోకాస్తా దగ్గరే నోరు పెగిలేది కాదు. ఆమె యుదెల్కాకి బాప్తిస్మమప్పుడు నిలబడ్డ జ్ఞానతల్లి; ఆ చుట్టరికంతోనే మిల్కేయాకి వదిన. అంత పవిత్రమైన వరసున్న వదినని పడకగది సంగతులు అడగకూడదు. కానీ మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. జ్వరం వదలడం లేదు. మొగుడు రాదమేస్ లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేదే తక్కువ.

ఆ శనివారం యోకాస్తా తలంటించుకుని కుర్చీలో కూచోగానే మిల్కేయా ఆగలేక అడిగేసింది. "వదినా, ఒక్కసారి పరీక్ష చేయించుకో."

"నేనేమన్నా రోడ్డుమీద తిరిగేదాన్నా? చర్చిలో పెళ్ళాడినదాన్ని! చివర్లు కత్తిరించు, చాలు."

కత్తిరించింది. జుట్టు పడింది. మిల్కేయా చీపురు ముట్టుకోలేదు. మిగతా ఆడవాళ్ళు తమ చెవిన పడకుండా డ్రయ్యర్లు పెద్దగా పెట్టుకున్నారు.

"చావంటే భయం లేదు," అంది నేలమీది జుట్టు, యోకాస్తా గొంతుతో. "ఆయన ఎక్కడెక్కడ పడుకున్నాడో తెలిసీ ఊరుకున్నానని నలుగురికీ తెలుస్తుందే, అదే భయం."

యోకాస్తా చివరిదాకా విన్నది. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసేసింది.

"పద, తడితలతోనే పోదాం. ఆరేదాకా కూచుంటే నా మనసు మారుతుంది."

క్లినిక్‌లో పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ ఉందనే తేలింది. మళ్ళీ చూసినా ఉందనే. నర్సు ఆ పూటే మాత్ర చేతిలో పెట్టింది.

"రాదమేస్‌కి ఏమని చెప్పను?"

"ఇద్దరం చెబుదాం. అతన్నీ ఇక్కడికే లాక్కొద్దాం. ముందు నువ్వు మింగు."

మింగింది. "రోజూ వేసుకోవాలా? ఎన్నాళ్ళు?"

"జన్మంతా, వదినా."

యోకాస్తా ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే కూచుండిపోయింది. తనకింకా అంత జన్మ ఉందని ఆ పొద్దుటిదాకా ఆమె అనుకోనే లేదు.